డబ్బు పడింది, పెట్టె పలకలేదు: పుష్ మెసేజ్‌ల వెనుక జరిగేది

టిఫిన్ సెంటర్‌లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, కౌంటర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 80 రూపాయలు పంపారు. మీ ఫోన్‌లో టిక్ పడింది. పక్కనున్న సౌండ్‌బాక్స్ మాత్రం నోరు మెదపలేదు. "ఇంకా రాలేదు సార్" అంటాడు ఓనరు. మీరు స్క్రీన్ చూపిస్తారు. ఆయన తన ఫోన్ తీసి చూస్తాడు, అందులోనూ ఏమీ లేదు. వెనక నలుగురైదుగురు నిలబడ్డారు. అంతలో ఆ పెట్టె ఉన్నట్టుండి మూడు పేమెంట్లు వరసపెట్టి చదివేస్తుంది.

ఇక్కడ ఆలస్యమైంది డబ్బు పడిందన్న కబురు. డబ్బు ఎప్పుడో పడిపోయింది. బ్యాంకుల మధ్య లెక్క ఒక దారిలో తెగుతుంది. తెగిందని పెట్టెకీ ఫోన్‌కీ చెప్పడం పూర్తిగా వేరే దారి. ఈ రెండో దారికే పుష్ అని పేరు: ఎవరూ అడక్కుండానే సర్వర్ తనంతట తాను మెసేజ్ పంపడం. చాట్, మ్యాప్ మీద కదిలే క్యాబ్ బొమ్మ, క్రికెట్ స్కోరు, ఆఫీసు యాప్‌లో వచ్చే అప్రూవల్, అన్నిటికీ ఇదే ఆధారం. పైకి ఒకే పనిలా కనిపిస్తుంది కానీ లోపల నాలుగైదు రకాల ఏర్పాట్లున్నాయి, ఒక్కోటి ఇచ్చే హామీ ఒక్కో రకం. జనానికి వచ్చే అనుమానాల్లో చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చేవే.

అడిగితేనే చెప్పే వెబ్

వెబ్ పుట్టినప్పటి నుంచీ దాని పద్ధతి ఒకటే. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ జవాబిస్తుంది, అక్కడితో సరి. హెచ్‌టీటీపీ అనే ఈ ఒప్పందంలో సర్వర్ ముందుగా మాట్లాడే వీలు లేదు. మీకు కొత్త మెసేజ్ వచ్చిందని దానికి తెలిసినా, మీ పేజీ మళ్లీ అడిగేదాకా ఊరుకోవాల్సిందే.

దీనికి మొదట దొరికిన ఉపాయం మాటిమాటికీ అడగడం. దీన్ని పోలింగ్ అంటారు. ఒక చాట్ సైట్‌ని లక్ష మంది తెరిచి ఉంచారనుకుందాం. ఒక్కో పేజీ 5 సెకన్లకోసారి "ఏమైనా ఉందా?" అని అడిగితే సర్వర్‌కి సెకనుకి 20,000 ప్రశ్నలు. ఒక్కొక్కరికీ సగటున పది నిమిషాలకి ఒక మెసేజ్ వస్తుందనుకుంటే, ఆ పది నిమిషాల్లో ఒక పేజీ 120 సార్లు అడుగుతుంది, అందులో 119 సార్లు "ఏమీ లేదు" అనే జవాబే. ఇంత చేసినా మెసేజ్ సగటున రెండున్నర సెకన్లు ఆలస్యంగానే కనిపిస్తుంది. తొందరగా కావాలని సెకనుకోసారి అడిగితే భారం ఐదింతలు.

అలాగని పోలింగ్‌ని తీసిపారేయనక్కర్లేదు. కొరియర్ ఎక్కడుందో అర నిమిషానికోసారి అడిగే పేజీకి అంతకంటే ఏమీ అవసరం లేదు. రాయడం తేలిక, పాడైతే కనిపెట్టడం తేలిక. ఇంజినీర్లు చిన్నచూపు చూసే ఈ పద్ధతి మీద ఎన్నో సైట్లు ఇప్పటికీ హాయిగా నడుస్తున్నాయి.

జవాబు ఆపి ఉంచడం నుంచి వెబ్‌సాకెట్ దాకా

తర్వాతి మెట్టు లాంగ్ పోలింగ్. బ్రౌజర్ అడిగిన ప్రశ్నకి సర్వర్ వెంటనే "లేదు" అనకుండా ఆ ప్రశ్నని అలాగే పట్టుకుని ఉంటుంది. మెసేజ్ రాగానే జవాబిస్తుంది. బ్రౌజర్ వెంటనే మరో ప్రశ్న వేసి మళ్లీ ఎదురుచూస్తుంది. పాత హెచ్‌టీటీపీకే కొత్త పని నేర్పిన తెలివైన అతుకు ఇది.

ఆ జవాబునే ఎప్పటికీ ముగించకుండా కొద్దికొద్దిగా రాస్తూ పోతే అది సర్వర్ సెంట్ ఈవెంట్స్, పొట్టిగా ఎస్ఎస్ఈ. దీనిలో మాట ఒకవైపే సాగుతుంది, సర్వర్ నుంచి బ్రౌజర్‌కి. అక్షరాలు తప్ప ఇంకేమీ పంపడం కుదరదు. కానీ దీనిలో ఒక మంచి గుణముంది: లైను, అంటే సర్వర్‌తో ఉన్న కనెక్షన్, తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుకుంటుంది, కలుపుకుంటూ తనకు చివరగా అందిన మెసేజ్ నంబరు చెబుతుంది. సర్వర్ ఆ తర్వాతివి పంపితే చాలు. ఏఐ చాట్‌బాట్ జవాబు పదం పదంగా తెర మీద పడుతూ ఉంటుంది కదా, దాని వెనుక తరచుగా ఉండేది ఇదే.

రెండువైపులా మాట్లాడుకోవాలంటే వెబ్‌సాకెట్. దీని ప్రమాణం 2011 డిసెంబరులో ఖరారైంది. మొదలు మామూలు హెచ్‌టీటీపీ ప్రశ్నలాగే ఉంటుంది, కాకపోతే అందులో "ఇక మనం భాష మారుద్దాం" అనే వినతి ఉంటుంది. సర్వర్ సరేనంటే 101 అనే నంబరుతో జవాబిస్తుంది. ఆ క్షణం నుంచి అదే లైను మీద ఎవరు ఎప్పుడైనా మాట్లాడొచ్చు. పోలింగ్‌లో ప్రతి ప్రశ్న వెంట వందల బైట్ల హెడర్లు, అంటే ప్రశ్న గురించిన వివరాలు, మోయాలి. ఇక్కడ సర్వర్ పంపే చిన్న మెసేజ్‌కి అదనపు భారం 2 బైట్లు, బ్రౌజర్ నుంచి వెళ్లేదానికి 6.

ఈ రెండిటిలో ఏది మంచిదన్న వాదన తెగదు. వెబ్‌సాకెట్ వైపు వాళ్లు ఒకే లైనులో అన్నీ జరుగుతాయంటారు. ఎస్ఎస్ఈ వైపు వాళ్లు మామూలు హెచ్‌టీటీపీ కాబట్టి ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్స్, మధ్యవర్తి సర్వర్లయిన ప్రాక్సీలు అడ్డుపడటం తక్కువంటారు. రెండూ నిజమే. పాత హెచ్‌టీటీపీ మీద ఎస్ఎస్ఈకి ఒక విసిగించే ఇబ్బంది కూడా ఉంది: బ్రౌజర్ ఒక సైట్‌కి ఆరు లైన్లే ఇస్తుంది, అందుకే అదే సైట్‌ని ఏడో ట్యాబ్‌లో తెరిస్తే అది తిరుగుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీ రెండో వెర్షన్‌లో ఈ బాధ దాదాపుగా తీరిపోయింది. నన్నడిగితే స్కోరు చూపించడానికి వెబ్‌సాకెట్ పెట్టడం అనవసరపు ఆర్భాటం. చాట్‌కి, కలిసి ఆడే గేముకి మాత్రం అదే సరైనది.

లక్ష లైన్లు తెరిచాక వచ్చే చిక్కులు

తెరిచి ఉంచిన ప్రతి లైనూ సర్వర్ మెమరీలో కొంత చోటు తింటుంది. 1999లో డాన్ కెగెల్ అనే ఇంజినీరు ఒక సర్వర్ పది వేల కనెక్షన్లు ఎలా మోయగలదన్న ప్రశ్నని పెద్ద సమస్యగా రాశాడు. 2012 మొదటికి వాట్సాప్ ఇంజినీర్లు ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషతో, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఒక్క సర్వర్‌తో 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టామని ప్రకటించారు. కాబట్టి లైన్ల సంఖ్య ఇప్పుడంత పెద్ద సమస్య కాదు.

అసలు తిప్పలు వేరే చోట. సర్వర్లు పది ఉన్నాయి. మీ లైను మూడో సర్వర్‌తో, మీ చెల్లెలి లైను ఏడో సర్వర్‌తో. మీరు పంపిన మెసేజ్ మూడో సర్వర్‌కి చేరింది, ఆమె ఎక్కడుందో దానికి తెలీదు. అందుకని మధ్యలో ఒక పంపకాల వ్యవస్థ పెడతారు. మూడో సర్వర్ దానికి ఇస్తుంది, అది ఏడో దానికి అందిస్తుంది. ఆ లోపు ఆమె లిఫ్ట్ ఎక్కి లైను తెగి, బయటికొచ్చాక రెండో సర్వర్‌కి కలిసిందనుకోండి. ఏడోది లేని లైను మీద మెసేజ్ రాస్తుంది. అందుకే పద్ధతిగా కట్టిన చాట్ యాప్ ప్రతి మెసేజ్‌కీ ఒక వరుస నంబరు ఇస్తుంది, ముందు డేటాబేస్‌లో దాస్తుంది, ఆ తర్వాతే పుష్ చేస్తుంది. మళ్లీ కలిసిన ఫోన్ "నా దగ్గర 512 దాకా ఉన్నాయి" అంటే 513 నుంచి ఇస్తుంది.

ఇంకో చిక్కు, సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు. లక్ష లైన్లు ఒకేసారి తెగుతాయి, లక్ష ఫోన్లు ఒకేసారి తలుపు తడతాయి. ఆ తాకిడికి సర్వర్ మళ్లీ పడిపోతుంది, లేచాక మళ్లీ అదే. దీనికి మందు, ఒక్కో యాప్ తనకు తోచినంతసేపు ఆగి ప్రయత్నించడం. 60 సెకన్లలో చెదరగొడితే సెకనుకి సుమారు 1,667 మాత్రమే వస్తాయి. పుష్ పంపినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. 2019 ప్రపంచ కప్‌లో భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. ఆ స్థాయి జనానికి "మ్యాచ్ మొదలైంది" అని ఒకేసారి నోటిఫికేషన్ పంపితే, దాన్ని నొక్కి వచ్చేవాళ్లు సృష్టించే తాకిడిని కూడా పంపినవాళ్లే తట్టుకోవాలి.

ఫోన్ నిద్రపోయాక

ఇంతవరకూ చెప్పినదంతా పేజీ గానీ యాప్ గానీ తెరిచి ఉన్నప్పటి సంగతి. ఫోన్ జేబులో, స్క్రీన్ ఆఫ్, యాప్ మూసేసి ఉంది. అప్పుడు?

ప్రతి యాప్ తన లైను తాను తెరిచి ఉంచుకోవచ్చు. కానీ మొబైల్ నెట్‌వర్క్ కాసేపు ఉలుకూ పలుకూ లేని లైన్లని తెంపేస్తుంది. తెగకుండా ఉండాలంటే అప్పుడప్పుడూ "ఉన్నాను" అని చిన్న మెసేజ్ పంపుతుండాలి. అది పంపిన ప్రతిసారీ ఫోన్‌లోని రేడియో మేల్కొంటుంది, పని అయ్యాక కూడా కొన్ని సెకన్లు మెలకువగానే ఉండి బ్యాటరీ తింటుంది. 30 యాప్‌లు, ఒక్కోటి 4 నిమిషాలకోసారి అనుకుంటే గంటకి 450 సార్లు. అందరికీ కలిపి ఒకే లైను ఉంటే గంటకి 15 సార్లే.

ఆపిల్, గూగుల్ చేసింది అదే. ఒక్కో ఫ్లాటుకి ఒక్కో కాపలా మనిషిని పెట్టకుండా అపార్ట్‌మెంట్ మొత్తానికి గేటు దగ్గర ఒకే వాచ్‌మన్‌ని పెట్టినట్టు, ఫోన్‌కి ఒకే లైను ఉంచి, ఎవరికి వచ్చిన కబురైనా దాని మీదుగానే రావాలన్నారు. ఆపిల్ పుష్ సర్వీస్ 2009లో ఐఫోన్ మూడో వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. గూగుల్ 2010లో మొదలుపెట్టి 2012లో ఒకసారి, 2016లో ఇంకోసారి మార్చి ఇప్పటి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్‌కి వచ్చింది. ఫైర్‌బేస్‌తో ఐఫోన్‌కి పంపినా అది చివరికి ఆపిల్ దారిలోనే వెళ్తుంది.

ఒక నోటిఫికేషన్, మొదటి నుంచి చివరిదాకా

టిఫిన్ సెంటర్ ఓనరు ఫోన్‌కి వెళ్లాల్సిన కబురునే తీసుకుందాం. ఆయన ఆ యాప్ పెట్టుకున్న రోజే ఫోన్ గూగుల్‌ని అడిగి ఒక టోకెన్ తెచ్చుకుంది. చాంతాడంత పొడవున్న అక్షరాల గుంపు అది, ఈ ఫోన్‌లోని ఈ యాప్‌కి చిరునామా. యాప్ దాన్ని తన కంపెనీ సర్వర్‌కి ఇచ్చింది.

80 రూపాయలు జమ అయినట్టు బ్యాంకు వైపు నుంచి కంపెనీ సర్వర్‌కి తెలియగానే, అది టోకెన్‌తో పాటు మెసేజ్‌ని గూగుల్‌కి ఇస్తుంది. మొత్తం మెసేజ్ 4096 బైట్లు దాటకూడదు, ఆపిల్‌లోనూ అంతే. తెలుగులో పంపేవాళ్లకి ఇక్కడో చిన్న మెలిక. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు. "డబ్బు" అంటే కంప్యూటర్ లెక్కలో డ, బ, పొల్లు, బ, కొమ్ము: ఐదు గుర్తులు, 15 బైట్లు. "డబ్బు అందింది" మొత్తం 37 బైట్లు. కొన్ని ప్రోగ్రాములు తెలుగు గుర్తుని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలతో కూడిన కోడ్‌గా మార్చి పంపుతాయి. అప్పుడు గుర్తుకి ఆరేసి బైట్లు, ఇదే మాట 73 బైట్లవుతుంది. పేమెంట్ కబురుకి ఇదేం ఇబ్బంది కాదు గానీ, వార్తా కథనం మొత్తం నోటిఫికేషన్‌లోనే కూరాలని చూసే తెలుగు యాప్‌కి ఇంగ్లీషు యాప్ కంటే ముందే చోటు అయిపోతుంది.

గూగుల్ "సరే, తీసుకున్నాను" అంటుంది. ఈ "సరే"ని చాలామంది "అందింది" అనుకుంటారు. అది ఫోన్‌కి చేరిందని కాదు, గూగుల్ స్వీకరించిందని మాత్రమే. ఓనరు ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే మెసేజ్ దాచి ఉంచుతారు, ఆండ్రాయిడ్‌లో మామూలుగా నాలుగు వారాల దాకా. పంపేవాళ్లు ఆ గడువు తగ్గించుకోవచ్చు. పది నిమిషాల తర్వాత పనికిరాని ఓటీపీకి నాలుగు వారాల గడువు పెట్టడం మతిలేని పని, అయినా అలా వదిలేసిన యాప్‌లున్నాయి. ఒక యాప్‌కి ఒక ఫోన్ కోసం ఆగిన మెసేజ్‌లు 100 దాటితే గూగుల్ అన్నిటినీ పారేసి, "కొన్ని పోయాయి, సర్వర్‌ని అడిగి తెలుసుకో" అని యాప్‌కి చెబుతుంది.

"సర్వర్‌ని అడిగి తెలుసుకో" అన్నది ఈ ఏర్పాటు మొత్తానికీ వర్తిస్తుంది. పుష్‌ని కట్టినవాళ్లు దాన్ని ఏదో మారిందని తట్టి చెప్పే సాధనంగానే కట్టారు. మారిందేమిటో అసలు లెక్క ఉన్న చోట చూడాలి. నోటిఫికేషన్ రాలేదు కాబట్టి డబ్బు రాలేదనుకోవడం, వచ్చింది కాబట్టి వచ్చినట్టే అనుకోవడం, రెండూ పొరపాట్లే. పేమెంట్ అయినట్టు దొంగ స్క్రీన్ చూపించి దుకాణాల్ని మోసం చేసేవాళ్లు బతికేది రెండో పొరపాటు మీదే. కొనేవాడి ఫోన్‌లోని టిక్ సాక్ష్యం కాదు. ఓనరు తన యాప్‌లో లావాదేవీల జాబితా తెరిచి చూస్తేనే సాక్ష్యం.

సౌండ్‌బాక్స్ దారి ఇంకోటి. దానిలో సిమ్ ఉంటుంది, సొంత లైను ఉంటుంది, గూగుల్‌తో పని లేదు. ఇలాంటి చిన్న పరికరాలకి బాగా సరిపోయే ఒప్పందం ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని చమురు పైపులైన్లని శాటిలైట్ ద్వారా గమనించడం కోసం తయారుచేశారు. దీనిలో పంపేవాళ్లు హామీ స్థాయి ఎంచుకోవచ్చు: మహా అయితే ఒకసారి, కనీసం ఒకసారి, కచ్చితంగా ఒకసారి. "కనీసం ఒకసారి" అంటే, పెట్టె అందుకున్నట్టు చెప్పిన జవాబు దారిలో పోతే సర్వర్ అదే మెసేజ్ మళ్లీ పంపుతుంది. పెట్టె లావాదేవీ నంబరు సరిచూసుకోకపోతే 80 రూపాయలు రెండుసార్లు చదువుతుంది. సిగ్నల్ లేని పది నిమిషాల్లో ఆగినవి సిగ్నల్ రాగానే వరసగా చదవడం కూడా ఈ పద్ధతి వల్లే.

నోటిఫికేషన్ రాకపోతే తప్పు ఎవరిది?

జవాబు ఒకటి కాదు. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, ఛార్జింగ్‌లో లేకుండా కదలకుండా పడున్న ఫోన్ డోజ్ అనే గాఢ నిద్రలోకి వెళ్తుంది. మామూలు మెసేజ్‌లు అప్పుడప్పుడూ వచ్చే చిన్న మెలకువ దాకా ఆగుతాయి. "అత్యవసరం" అని ముద్ర వేసినవి మాత్రం ఫోన్‌ని లేపుతాయి. మరి అందరూ ఆ ముద్రే వేస్తే? గూగుల్ గమనిస్తుంది. అత్యవసరమని పంపి తెర మీద ఏమీ చూపించని యాప్ మెసేజ్‌ల హోదా తగ్గిస్తుంది. ఆపిల్ కూడా తెర మీద కనిపించని మెసేజ్‌లు గంటకి రెండు మూడుకు మించి పంపవద్దంటుంది.

యాప్‌ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోర్స్ స్టాప్ చేస్తే, మళ్లీ మీరే తెరిచేదాకా దానికి పుష్ అందదు. రీసెంట్ యాప్స్‌లోంచి పక్కకి తోసేయడం అంత కఠినమైంది కాదు, కానీ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చెప్పుకోడానికి కొన్ని కంపెనీల ఫోన్లు దాన్నీ ఫోర్స్ స్టాప్‌లాగే చూస్తాయి. ఫోన్ మార్చాక, నెలల తరబడి యాప్ తెరవకపోయాక పాత టోకెన్ చచ్చిపోతుంది. ఆండ్రాయిడ్‌లో 270 రోజులు కదలిక లేని టోకెన్ కాలం చెల్లినట్టే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి ముందుగా అనుమతి అడగాలి, తొందరలో వద్దని నొక్కినవాళ్లు తర్వాత యాప్‌ని తిట్టుకుంటారు.

బ్రౌజర్‌కి వచ్చే పుష్

వెబ్‌సైట్లు కూడా పేజీ మూసేశాక నోటిఫికేషన్ పంపగలవు. 2015లో క్రోమ్, 2016లో ఫైర్‌ఫాక్స్ మొదలుపెట్టాయి. ఐఫోన్‌లో 2023 మార్చిలో, అదీ సైట్‌ని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాళ్లకి మాత్రమే. సైట్ తాలూకు చిన్న ప్రోగ్రామ్ ఒకటి బ్రౌజర్‌లో ఉండిపోతుంది, కబురు రాగానే బ్రౌజర్ దాన్ని లేపుతుంది. కబురు మోసేది బ్రౌజర్ కంపెనీ సర్వరే అయినా, లోపలి మాటని సైట్ ముందే తాళం వేసి పంపాలన్నది ఇక్కడి నియమం. మోసేవాడు చదవలేడు.

ఇంత చక్కగా కట్టినదాన్ని అల్లరి చేసింది సైట్లే. లోపల అడుగుపెట్టీ పెట్టకముందే "నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడగడం, "మీరు రోబో కాదని తేలాలంటే అలో నొక్కండి" అని మోసం చేసి పిచ్చి ప్రకటనలు కురిపించడం. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో "వైరస్ వచ్చింది" అని గంటకో నోటిఫికేషన్ వస్తుంటే, ఎప్పుడో నొక్కిన ఆ అలోని ముందు అనుమానించాలి. 2020లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఈ అడగడానికి కళ్లెం వేశాయి.

దారి ఇద్దరి చేతిలో ఉండటం

ఒకే వాచ్‌మన్ ఉంటే ఎవరింటికి ఎప్పుడు ఎవరొచ్చారో అతనికి తెలుస్తుంది. 2023 డిసెంబరులో అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ ఆ దేశపు న్యాయశాఖకి లేఖ రాస్తూ, ప్రభుత్వాలు ఆపిల్, గూగుల్‌ల నుంచి పుష్ రికార్డులు అడిగి తీసుకుంటున్నాయని బయటపెట్టారు. మెసేజ్‌లో ఏముందో తెలియకపోయినా, ఏ యాప్‌కి ఏ క్షణాన కబురు వచ్చిందన్నది చాలు, ఇద్దరి మధ్య సంభాషణ నడుస్తోందని ఊహించడానికి. ఆ తర్వాత ఆపిల్, జడ్జి ఉత్తర్వు ఉంటేనే ఇస్తామని తన నియమాలు మార్చుకుంది.

సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ దీనికి కొంత జవాబు చెప్పింది. అది గూగుల్, ఆపిల్ దారిలో పంపే పుష్‌లో మెసేజ్ ఉండదు, "లే, వచ్చి చూసుకో" అన్న సూచనే ఉంటుంది. ఫోన్ లేచి సొంత లైను మీద అసలు మెసేజ్ తెచ్చుకుంటుంది. సమయం మాత్రం దాగదు. గూగుల్ సర్వీసులు లేని ఫోన్లలో సిగ్నల్ తన లైను తానే తెరిచి ఉంచుకుంటుంది, బ్యాటరీ ఖర్చు భరించి. ఉమ్మడి దారి వద్దనేవాళ్లు చూపించే ఉదాహరణ ఇదే. కావాలనేవాళ్లు కూడా దీన్నే చూపిస్తారు: ప్రతి యాప్ ఇలా చేస్తే ఫోన్ మధ్యాహ్నానికే చచ్చిపోతుందని. చైనాలో గూగుల్ సర్వీసులు లేకపోవడంతో ఫోన్ కంపెనీలు తలా ఒక పుష్ దారి వేసుకున్నాయి. యాప్ రాసేవాళ్లు అన్నిటికీ విడివిడిగా పని చేయాల్సి వస్తోంది.

2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి, పరీక్ష కోసం పంపిన అత్యవసర హెచ్చరిక చూపించాయి. చాలామంది దాన్నీ నోటిఫికేషనే అనుకున్నారు. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. టవర్ తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ రేడియోలాగా ఒకేసారి వినిపిస్తుంది. టోకెన్ల జాబితా ఉండదు కాబట్టి ఎవరు అందుకున్నారన్నది పంపినవాళ్లకి తెలియదు. తుపాను ముందు తీరం వెంట లక్షల మందిని సెకన్లలో హెచ్చరించడానికి ఈ దారి సరిపోతుంది. 80 రూపాయలు పడ్డాయని ఒక్క ఓనరుకే చెప్పడం దీని వల్ల కాదు.